కట్ట నొప్పి

రాళ్ళపేట జనం నీరటి అయిలయ్యను గుట్ట మీద పడేసి తన్నిన రోజున డ్యాం తెగలేదు. తెగలేదనే తన్నారు.

జూలై నెల. మూడు రోజులుగా ఒకటే ముసురు. పొద్దున ఎనిమిదిన్నరకు అయిలయ్య సైరన్ మోగించేసరికి నలభై మూడిళ్ళ వాళ్ళూ పొయ్యి మీది కూర పొయ్యి మీదే వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని, పాకుడు పట్టిన బండల మీదుగా గుట్ట ఎక్కారు. ఎక్కేటప్పుడు ముసలి లింగవ్వ జారిపడింది. తొడ ఎముక పటుక్కున విరిగిన చప్పుడు వెనకాల వస్తున్న వాళ్ళందరికీ వినబడింది. గంటసేపు వానలో నిలబడి చూశారు. డ్యాం నిమ్మళంగా ఉంది, నీళ్ళూ నిమ్మళంగా ఉన్నాయి. గండీ లేదు, గాడిద గుడ్డూ లేదు.

"ఏదిరా గండి? సూపెట్టు!" అంటూ లింగవ్వ కొడుకు దుర్గయ్య అయిలయ్య గల్లా పట్టుకున్నాడు.

"నాకు తెలిసింది దుర్గయ్యా. బొడ్డు కింద పొడిసినట్టయింది. తూము కాడ మన్ను కదిలింది..."

"నీకు కడుపు నొస్తే మా అవ్వ కాలిరగాల్నారా?"

మొదటి దెబ్బ దుర్గయ్యది. ఆ తర్వాత ఎవరు కొట్టారు, ఎవరు కొట్టలేదు అంటే పేటలో ఎవరూ చెప్పలేరు. వానలో తడిసి వణుకుతున్న మనుషులకు కొట్టడానికి ఒకడు దొరికాడు, అంతే. అయిలయ్య పెళ్ళాం సాంబలక్ష్మి అడ్డం పడితే ఆమెకూ పడ్డాయి. పెదవి చీలింది. ఎవడిదో చెయ్యి నోటికి అందితే కసుక్కున కొరికింది కూడా. రెండు పక్కటెముకలు విరిగి, నోట్లోంచి నెత్తురు కక్కుకుంటూ అయిలయ్య బురదలో ముడుచుకుపోయాక, కొట్టినవాళ్ళు అలిసిపోయి కిందికి దిగిపోయారు.

గుండ్లవాగు డ్యాం అంటే ఏదో మహా ప్రాజెక్టు అనుకునేరు. రెండు గుట్టల నడుమ మూడు వందల గజాల మట్టికట్ట, ముప్ఫై అడుగుల ఎత్తు. ఎప్పుడో పొలాలకని కట్టారు. పొలాలు ప్లాట్లయ్యాయి, డ్యాం విహార కేంద్రం అయింది. హంస బోట్లు, మొక్కజొన్న పొత్తుల బండ్లు, ఆదివారం వస్తే పట్నం నుంచి కార్లు. కట్ట మీద తుమ్మచెట్లు మొలిచి, వాటి వేళ్ళ వెంబడి నీళ్ళు ఊరుతుంటే చూసే దిక్కు లేదు. వేసవిలో నీళ్ళు తగ్గితే బోట్లు నేలకు తగులుతున్నాయని పార్కు మేనేజరు మధుకర్ తూము తలుపుకు వెల్డింగ్ చేయించాడు. సెలవు రోజుల్లో మత్తడి మీద, అంటే డ్యాం నిండితే ఎక్కువ నీళ్ళు పొర్లిపోయే రాతిగోడ మీద, ఇసుక బస్తాలు పేర్పించి ఇంకో మూరెడు నీళ్ళు ఆపేవాడు. బోటు సరిగ్గా మెట్ల దాకా వస్తే దిగేవాళ్ళకు చీర అంచు తడవదట! కట్ట కింద రాళ్ళపేటలో నూట ఎనభై ఒక్క ప్రాణాలున్నాయని మధుకర్‌కు తెలియక కాదు. ఇన్నేళ్ళు ఆగిన కట్ట ఇప్పుడు తెగుతుందా అన్న ధీమా.

అయిలయ్య తాత ముత్తాతలు ఈ వాగు మీది నీరటోళ్ళు. నీళ్ళు వదలడం, కట్ట కాయడం వాళ్ళ పని. తెల్లారగానే చెప్పులు విడిచి కట్ట పొడుగునా నడిచేవాళ్ళు. ఎక్కడ మన్ను మెత్తబడిందో, ఎక్కడ చల్లబడిందో అరికాళ్ళతోనే పసిగట్టేవాళ్ళు. నాలుగేళ్ళ కింద డ్యాముల మీద పరిశోధన చేసే డాక్టర్ హైమవతి పట్నం నుంచి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని నెల రోజులు అయిలయ్య వెనకాలే నడిచింది. ఆ నడకలోంచే ఆమెకు ఆలోచన పుట్టింది.

ఆమె కనిపెట్టింది ఒక బూజు. తెల్లగా, సన్నటి దారాల్లా ఉంటుంది. బెల్లం నీళ్ళలో పెంచి, కట్టకు బోర్లు వేసి లోపలికి పోస్తే ఒక్క వానాకాలంలో కట్టంతా అల్లుకుపోయింది. మన్ను ఎక్కడ కదిలినా దారంలో కాస్త కరెంటు పుడుతుంది. మొదట దాన్ని యంత్రానికి కలిపారు. గొడ్డు నడిచినా గండి పడినా యంత్రానికి ఒకటే, రోజుకు నలభై సార్లు కూసేది. విసిగిపోయి హైమవతి దాన్ని మనిషికి కలిపింది. అయిలయ్య మెడ వెనక చర్మం కింద రూపాయి బిళ్ళంత ముక్క పెట్టారు. ఆర్నెల్లు తిరిగేసరికి బూజు అతని నరాల్లోకీ పాకింది, ఇక తీయడానికి లేదు. గుట్ట పక్క కట్ట అతనికి ఎడమ భుజం. నడుమ తూము ఉన్నచోటు బొడ్డు. అవతలి కొసన మత్తడి కుడి మడమ. బర్రెలు కట్టెక్కితే చక్కిలిగిలి పుట్టి, అన్నం ముందు కూర్చుని కిసకిస నవ్వేవాడు.

"నవ్వకయ్యా, మెతుకులు ముక్కులకు పోతయ్" అని సాంబలక్ష్మి కసిరేది. కసురుతూ తనూ నవ్వేది.

దెబ్బలు పడ్డ మూడో నాడు హైమవతి వచ్చింది. గుట్ట మీది కాపలా గదే అయిలయ్య వాళ్ళ ఇల్లు. ఒక పక్క వంట, ఒక పక్క ఆమె సామాను. మంచంలో ఉన్న అయిలయ్యను పలకరించి, ఊట గీతలు పడే కాగితం చుట్ట విప్పి చూస్తూ కూర్చుంది. కట్ట లోపల్నుంచి ఎన్ని నీళ్ళు ఊరితే ఆ కాగితం మీద గీత అంత పైకి లేస్తుంది. చూసిందే చూసి, చివరికి సాంబలక్ష్మిని పిలిచింది.

"వాళ్ళు ఆయన్ని ఎన్నింటికి కొట్టారండీ?"

"గడియారం సూసి కొడ్తరా మేడం? సైరనయినంక గంటకు."

హైమవతి కాగితం ఆమె ముందు పరిచింది. గీత మీద వేలు పెట్టింది. "ఎనిమిదిన్నరకి ఊట మొదలైంది, చూడండి. ఆయన చెప్పింది నిజం. తూము పక్కన బుంగ పడింది. గడ్డి చాటున, ఆ వానలో ఎవరికీ కనబడలేదు. గంటసేపు పెరుగుతూనే ఉంది. తొమ్మిదిన్నరకి..."

తొమ్మిదిన్నర దగ్గర గీత నిట్టనిలువునా కిందికి పడిపోయి ఉంది.

"కొడుతుంటే ఆగిపోయింది. ఆయన ఒళ్ళు నొప్పికి బిగుసుకుంటే కట్టలో దారాలన్నీ బిగుసుకున్నాయి. బట్ట పిండినట్టు మట్టిని పట్టేశాయి. ఇలా జరుగుతుందని నాకు తెలియదు సాంబలక్ష్మి గారూ. కలలో కూడా అనుకోలేదు."

సాంబలక్ష్మికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళంతా మండిపోయింది. కొట్టారు కాబట్టి కట్ట తెగలేదు. కట్ట తెగలేదని కొట్టారు! ఇంతకన్నా ఘోరం ఉంటుందా? కిందికి పోయి ఒక్కొక్కరి మొహాన ఉమ్మి వద్దామనిపించింది.

పరీక్ష చేసి చూడమని అయిలయ్యే పట్టుబట్టాడు. వేలి కొసన సూదితో గుచ్చితే గీత వెంట్రుకవాసి దిగింది. అదే చోట అదే సూది మళ్ళీ గుచ్చితే కదల్లేదు. ఒంటికి అలవాటైన నొప్పి పనికిరాదు, ప్రతిసారీ కొత్తది కావాలి, ఇంకా పెద్దది కావాలి. కావాలని పళ్ళు బిగబట్టి, పిడికిళ్ళు బిగిస్తే అసలేమీ కాలేదు. మూడో సూదికి హైమవతి బయటికి పోయి వాంతి చేసుకుంది.

తిరిగొచ్చి, మొహం తుడుచుకుని, "ఇది నేను రిపోర్టులో రాయను" అంది. "ఇంకా పదకొండు డ్యాముల మీద పదకొండు మందికి ఈ బిళ్ళ పెట్టాను. డ్యాముల ఆఫీసుకి తెలిస్తే ఏం చేస్తారో తెలుసా? ఒక్కొక్కరి పక్కన కర్ర పట్టుకున్న మనిషిని ఉద్యోగానికి పెడతారు. కట్ట బాగు చేయడం కన్నా అది సులువు కదా!"

"దోమలవాగు మీద స్వరూప అని ఒకామె ఉన్నది" అన్నాడు అయిలయ్య మంచంలోంచి. "ట్రైనింగుల నా పక్కనే కూసున్నది. ఇప్పుడు కడుపుతోటి ఉన్నదట. వద్దు మేడం. ఎవలకూ చెప్పద్దు."

ముగ్గురూ చేతిలో చెయ్యేసుకున్నారు. తూము తలుపు వెల్డింగ్ ఊడదీయించమని, మత్తడి మీద బస్తాలు తీయించమని హైమవతి మూడు ఉత్తరాలు రాసింది. సీజన్ అయిపోయాక చూద్దామని ఒక్కదానికి జవాబొచ్చింది.

ఆ తర్వాత ఇంట్లో బతుకు మారిపోయింది. అయిలయ్య గడపకు కాలు కొట్టుకుని అబ్బా అంటే సాంబలక్ష్మి చూపు ముందు కట్ట మీదికి పోయేది, ఆ తర్వాతే మొగుడి కాలి మీదికి. అట్లా చూసినందుకు తనను తాను తిట్టుకునేది. పక్కటెముకలకు నూనె రాస్తుంటే అతను మూలిగితే చెయ్యి టక్కున ఆగిపోయేది. "రాయవే, నేనేం కట్టనా?" అనేవాడు అతను. వేళాకోళమే గానీ ఇద్దరిలో ఎవరికీ నవ్వొచ్చేది కాదు. పేటలో దుకాణానికి పోతే ఆడవాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు. "మొగడు ఊకె సైరన్ కొడ్తడు, పెండ్లామేమో ఉప్పు కొనవచ్చింది" అని ఒకామె వినబడేట్టే అంది. సాంబలక్ష్మి ఉప్పు కొనుక్కుని వచ్చేసింది. చెప్పేదుంటేనేం, చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంది మరి.

ఆగస్టు పదిహేను పొద్దున ఎండ కాసింది గానీ పైన అడవుల్లో వారం నుంచి కుండపోత. వాగు ఎర్రగా దిగుతోంది. సెలవు రోజు కదా, అవతలి గుట్ట కింద పార్కు కిటకిటలాడుతోంది. మైకులో పాటలు. మత్తడి మీద రెండు వరసల ఇసుక బస్తాలు. హైమవతి ముందు రోజే వచ్చి, బస్తాలు తీయమని మధుకర్‌తో గొడవపడి, ఓడిపోయి, గదిలో కాగితం ముందు కూర్చుని ఉంది.

పదకొండు దాటాక అయిలయ్య అన్నం కంచం ముందు నుంచి లేవబోయి బోర్లా పడ్డాడు. రెండు చేతులా బొడ్డు పట్టుకున్నాడు. "తెగుతాంది సాంబీ. ఈసారి తెగుతాంది."

కాగితం మీద గీత అంచు దాటి బయటికి పోయింది. ముగ్గురూ కిటికీలోంచి చూశారు. తూము పక్కన, కట్ట అడుగున, బిందె మూతంత బుంగలోంచి ఎర్రటి బురదనీళ్ళు చిమ్ముతున్నాయి. నీళ్ళు ఎర్రగా వస్తున్నాయంటే కట్ట లోపలి మన్ను కరిగి కొట్టుకొస్తోందని నీరటోడి పెళ్ళానికి ఒకరు చెప్పక్కర్లేదు.

హైమవతి సైరన్ నొక్కింది. అయిలయ్య పాకుతూ పోయి ఫోన్ అందుకుని దుర్గయ్యకు చేశాడు.

"దుర్గయ్యా, నీ కాళ్ళు మొక్కుత, పేట ఖాళీ జెయ్యిండ్రి—"

"మళ్ళ మొదలువెట్టినవా బాడ్కవ్? ఈపాలి నీ కాళ్ళిరగ్గొడ్తం!" ఫోన్ పెట్టేశాడు. సైరన్ మోగుతూనే ఉంది. కింద పేటలో ఒక్క తల బయటికి రాలేదు. పోలీసులకు చేస్తే జెండా వందనం బందోబస్తులో ఉన్నాం, గంటలో వస్తామన్నారు.

"మత్తడి మీద బస్తాలు కోసేస్తాను" అంది హైమవతి. "ఆ మూరెడు నీళ్ళు దిగితే కట్ట మీద బరువు తగ్గుతుంది. అరగంట. అరగంట నిలపాలి..." మాట పూర్తి చేయలేక మూలనున్న కర్ర తీసింది. అయిలయ్య ముందు నిలబడి ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. "నా వల్ల కాదు. నా వల్ల కాదండీ" అని కర్ర సాంబలక్ష్మి కాళ్ళ దగ్గర పడేసి, గోడకున్న కొడవలి లాక్కుని, చెప్పులు విడిచి కట్ట మీద పరుగెత్తింది.

గదిలో మొగుడూ పెళ్ళాం మిగిలారు.

"కొట్టు" అన్నాడు అయిలయ్య.

"నేను కొట్టనయ్యా."

"ఇరవై ఎనిమిదేండ్లల్ల ఒక్కసారన్న నీ మీద చెయ్యి లేపిన్నా? లేపలే. ఆ బాకీ... బాకీ కాదు, మన్ను కాదు. కొట్టవే. పేటల పసిపోరగాండ్లున్నరు."

చెంప మీద కొట్టింది. బయట నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. చింతబరికె తీసుకుని వీపు మీద కొట్టింది. అయిలయ్య అరిచాడు. ఎర్రనీళ్ళు కాస్త పలచబడ్డాయి. ఇంకోటి, ఇంకోటి. నీళ్ళు తేటపడి, బుంగ పిడికెడంత అయింది. నాలుగో దెబ్బ పడ్డ చోటే అయిదోది పడితే మళ్ళీ ఎరుపు తిరిగింది. సాంబలక్ష్మి బరికె పారేసి కర్ర అందుకుంది. మోకాలి మీద ఒక్కటేసింది. జూలైలో విరిగి ఇంకా అతకని పక్కటెముకల మీద ఇంకొకటేసింది. ఏడుస్తోందని తనకే తెలియడం లేదు. కన్ను మాత్రం కిటికీలోంచి నీళ్ళ మీదే ఉంది. ఎరుపెక్కితే కొట్టాలి, తేటపడితే ఊపిరి పీల్చుకోవాలి. మొగుడి మొహం చూస్తే చెయ్యి లేవదు.

అవతల కట్ట కొసన హైమవతి బస్తాల మీద వంగి కోస్తోంది. మధుకర్ మనుషులు ముగ్గురు వచ్చి ఆమె జుట్టు పట్టి లాగడం ఇక్కడికి కనబడుతోంది. ఆమె కొడవలి విసిరితే ఒకడు చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. మెట్ల మీద జనం బోట్లు దిగి, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు.

అయిలయ్య మళ్ళీ అరిచాడు. ఆ అరుపుకు కింద పేటలో బోరింగు దగ్గర బిందె దించుతున్న రాజవ్వ తలెత్తి చూసింది. సైరన్‌కు తలెత్తని మనిషి!

"ఓ లచ్చవ్వా, ఇటు సూడే! సాంబి మొగన్ని కొడ్తాంది!"

ఒక్క తలుపు తెరుచుకుంది. తర్వాత మూడు. తర్వాత పది. ఆడవాళ్ళు వాకిట్లోకి వచ్చి, చేతులు కళ్ళకడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నారు. సాంబలక్ష్మికి మెరుపు మెరిసినట్టు తెలిసింది. ప్రాణాలు దక్కించుకోవడానికి ఎక్కని గుట్ట, కొట్లాట చూడ్డానికి ఎక్కుతారు.

అయిలయ్య రెండు చంకల కింద చేతులేసి, ఈడ్చుకుంటూ గది బయటికి, పేట మొత్తానికీ కనబడే బండ మీదికి తెచ్చింది. గొంతు చించుకుని అరిచింది.

"ఎవతెరా అది? ఎన్నేండ్ల సంది ఉంచుకున్నవురా? చెప్పు! అందరు ఇనాలె, చెప్పు!"

అయిలయ్య ఒక్క క్షణం ఆమెను వెర్రిగా చూశాడు. తర్వాత కిందికి, బారులు తీరుతున్న జనం వైపు చూశాడు. అర్థమైంది. నెత్తురు ఉమ్మేసి, ఉన్న సత్తువంతా గొంతులోకి తెచ్చుకున్నాడు.

"అవునే! ఉన్నది! నీకన్న సక్కంగున్నది! ఏం జేస్తవే?"

జన్మలో పరాయి ఆడదాని వంక కన్నెత్తి చూడని మనిషి అది. కింద నుంచి ఈలలు వినబడ్డాయి. ఇక పేట కదిలింది. ఆడవాళ్ళు కొంగులు బిగించి, మగవాళ్ళు లుంగీలు ఎగ్గట్టి, పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని, నవ్వుకుంటూ, తోసుకుంటూ గుట్ట ఎక్కుతున్నారు. సాంబలక్ష్మి కొడుతూనే ఉంది, తిడుతూనే ఉంది. ప్రతి దెబ్బకీ ముందు నీళ్ళు చూస్తోంది, తర్వాత దారి చూస్తోంది. ఎవరొచ్చారు, ఇంకా ఎవరు రాలేదు. బాలింత పద్మ వచ్చింది, చేతిలో పసిగుడ్డు. గుడ్డి ఎంకటయ్యను మనవరాలు చెయ్యి పట్టి నడిపించుకొస్తోంది. దుర్గయ్యా, వాడి తమ్ముడూ ఏదో మోసుకుంటూ అందరికన్నా వెనకాల ఎక్కుతున్నారు. చూస్తే మంచం. మంచం మీద కట్టు కట్టిన కాలితో లింగవ్వ. "నన్ను కొండవొండ్రి బిడ్డా, ఆ ముండాకొడుకు దెబ్బలు తింటుంటే నేను సూడాలె" అని పట్టుబట్టిందట.

మొదట వచ్చినవాళ్ళు నవ్వారు. దగ్గరికొచ్చి చూశాక నవ్వు పోయింది. అయిలయ్య ఎడమ చెయ్యి వేలాడుతోంది. ఒక కన్ను మూసుకుపోయింది. బండంతా నెత్తురు.

"సస్తడే, ఇడువు!" రాజవ్వ ఆమె కర్ర పట్టుకుంది.

సాంబలక్ష్మి ఆమెను తోసేసింది. మంచం ఇంకా దారి సగంలోనే ఉంది. నీళ్ళు ఎర్రబడుతున్నాయి. "దగ్గరికొస్తే మిమ్ముల గూడ కొడ్త!" అని అరుస్తూ, చేతికందిన రాయి తీసి అయిలయ్య పాదం మీద దించింది. ఎముక నలిగింది. కింద నీళ్ళు తేటపడ్డాయి. అయిలయ్య అరవలేదు. అరిచే ఓపిక అయిపోయింది. ఆమెకు మాత్రమే వినబడేట్టు, "ఇంకొంచెం సాంబీ" అన్నాడు. "ఇంకొంచెం. నువ్వు మంచిగ కొడ్తున్నవ్."

దుర్గయ్య మంచం కొస గుట్ట మీద దించి, దించిన ఊపులోనే పరుగెత్తి వచ్చి ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. జూలైలో మొదటి దెబ్బ వేసిన చేతులే అవి. ఇంకో నలుగురు ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు. ఆమె తన్నింది, కొరికింది, "పేటల ఇంకెవరన్న ఉన్నరా? ఉన్నరా?" అని అరిచింది. పిచ్చెక్కిందనుకున్నారు. చెంప మీద నాలుగు వేశారు. ఎవరో ఆడామె అయిలయ్య తల ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు తాగించి, "భయపడకు తమ్మీ, ఇగ ఎవ్వలు కొట్టరు" అంది.

ఆ చల్లటి మాటకు అయిలయ్య ఒళ్ళు వదులైంది.

కట్ట తూము దగ్గర మొదట మెత్తగా కుంగింది. తర్వాత నడుములోంచి విరిగి, ఇళ్ళంత గడ్డలుగా ఊడి పడింది. ఎర్రటి నీటిగోడ రాళ్ళపేట మీద పడ్డ చప్పుడుకు గుట్ట మీది మనుషులు కింద కూలబడ్డారు. బోరింగు, బడి, దుకాణం, నలభై మూడిళ్ళూ రెండు నిమిషాల్లో లేకుండా పోయాయి. రాజవ్వ ఆ ఆడామె ఒళ్ళో ఉన్న అయిలయ్య వైపు చూసి కెవ్వుమంది. అతని నడుం విల్లులా పైకి లేచి, బొడ్డు దగ్గర చర్మం దానంతట అదే చీలి, అట్లాగే ఆగిపోయింది. ప్రాణం పోయింది. కట్ట అవతలి కొస మత్తడితో సహా జారి నీళ్ళలో కలిసిపోయింది. సగం కోసిన బస్తాలూ లేవు, హైమవతీ లేదు.

ఆరో రోజు పొద్దున, మండల పోలీస్ స్టేషన్లో, సాంబలక్ష్మిని ఎస్సై ముందు కూర్చోబెట్టారు. ఎస్సై పక్కన డ్యాముల ఆఫీసు నుంచి వచ్చిన పెద్దింజనీరు ఉన్నాడు. నున్నగా గీసిన గడ్డం, ఒళ్ళో ఫైలు.

ఊరు ఆరు రోజుల్లో కథ అల్లుకుంది. అయిలయ్య దేవుడట. పెళ్ళాం ఆ వేళ కొట్టకపోయి ఉంటే కట్టను కాపాడేవాడట. చౌరస్తాలో అతని ఫొటోతో ఫ్లెక్సీ కట్టి దండేశారు. సైరన్ మోగిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. దుర్గయ్యయితే ఫ్లెక్సీ ముందు కూర్చుని ఏడ్చాడు కూడా.

"సాక్షులున్నరమ్మా, ఒకరు గాదు ఇద్దరు గాదు" అన్నాడు ఎస్సై. "పెద్దలు సంతకం బెట్టిన్రు, పిల్లల పేర్లు తల్లిదండ్రులు రాయించిన్రు. కండ్లార చూసినమని అందరు చెప్పిన్రు. నూట ఎనభై ఒక్కరు."

సాంబలక్ష్మి తల గభాల్న పైకి లేచింది. "ఎందరు?"

"నూట ఎనభై ఒక్కరు."

"పేర్లు సదువుండ్రి సారూ."

ఎస్సైకి ఎందుకో అర్థం కాలేదు గానీ చదివాడు. ఒక్కో పేరుకూ ఆమె ఒక వేలు మడిచింది. రాజవ్వ. లచ్చవ్వ. గుడ్డి ఎంకటయ్య, చూడలేదు, అరుపులు విన్నాడు. పద్మ, ఆమె పసిపాప, ఇంకా పేరు పెట్టలేదు. లింగవ్వ, వేలిముద్ర. దుర్గయ్య. వేళ్ళు సరిపోక మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టి, ఆఖరి పేరు దాకా విన్నది. పేటలో ఒక్కరూ తగ్గలేదు. ఛాతీ మీద బండ దింపినట్టయింది ఆమెకు. అందరూ బతికి ఉన్నారు. బతికి ఉండబట్టే అందరూ తన మీద సాక్ష్యం చెప్పారు.

పెద్దింజనీరు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క విషయం అడగాలమ్మా. ఆ రోజు రీడింగులు కొన్ని మా ఆఫీసు కంప్యూటర్‌కి వచ్చాయి. కట్ట పదకొండుంబావుకే పోవాలి. నలభై నిమిషాలు ఆగింది. ఆగిన నలభై నిమిషాలూ నువ్వు ఆయన్ని కొడుతున్నావు." ముందుకు వంగాడు. గొంతులో ప్రేమ ఒలికించాడు. "హైమవతి గారు నీకేమైనా చెప్పారా? భయపడకు. నిజం చెబితే ఈ కేసే ఉండదు. పైగా నిన్ను గౌరవంగా మా దగ్గర పెట్టుకుంటాం. ఇంకా పదకొండు డ్యాములున్నాయి కదా. ఎలా కొట్టాలో, ఎంతసేపు కొట్టాలో నేర్పేవాళ్ళు కావాలి."

సాంబలక్ష్మి అతని చేతుల వైపు చూసింది. మెత్తటి చేతులు, ఫైలు మీద శ్రద్ధగా పెట్టుకున్నాడు. కాగితం మీద ఒక్క సంతకం చేస్తే చాలు, దోమలవాగు కట్ట మీద ఎవడో కర్ర పట్టుకుని ఉద్యోగంలో చేరతాడు. ఎదురుగా కడుపుతో ఉన్న మనిషి. తనకు ఇంటికి పోవాలనే ఉంది. జైలంటే భయంగానే ఉంది. అయిలయ్య పేరు మీద మచ్చ పడుతుందంటే అన్నిటికన్నా ఎక్కువ బాధగా ఉంది.

"డాక్టరమ్మ నాకేం చెప్తది సారూ, నేను సదువుకోనిదాన్ని" అంది. "నా మొగడు ఇంకొకతెను ఉంచుకున్నడు. ఆనాడే తెలిసింది. కోపం పట్టలేక సంపిన. కట్టకూ దీనికీ ఏం సంబంధం లేదు. రాసుకోండ్రి."

ఎస్సై రాసుకున్నాడు. ఆమె మాట లేకుండా ఒట్టి రీడింగులు రుజువు కావని తెలిసిన పెద్దింజనీరు నిట్టూర్చి, ఫైలు మూసి లేచాడు. బయట కారు స్టార్టయిన చప్పుడు వినబడింది. అది రోడ్డు మలుపు దాటి పోయేదాకా సాంబలక్ష్మి కదలకుండా కూర్చుంది. పోయాక, మొగుడు చచ్చిన ఆరో రోజున, మొదటిసారి బావురుమని ఏడ్చింది.